అనప వేరు, ఆనప వేరు!

పలక మీద మనచేత మొట్టమొదట దిద్దించిన అక్షరాలు రెండు: అ, ఆ. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. అమ్మకీ ఆవుకీ తేడా తెలియని పిల్లని ఒకటో తరగతి పంతులమ్మ రెండో తరగతిలోకి పంపదు. అలాంటిది పెద్ద చదువులు చదివినవాళ్ళు, వంటల పుస్తకాలు అచ్చువేసేవాళ్ళు, నలుగురికీ మంచి తెలుగు నేర్పుతామని నడుం కట్టినవాళ్ళు కూడా కూరగాయల బుట్ట దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం కాస్తా మరచిపోతున్నారు. ఆనపకాయా, అనపకాయా రెండూ ఒకటేనట! దీర్ఘం పలకడం వచ్చినవాళ్ళు ఆనపకాయ అంటారట, రానివాళ్ళు అనపకాయ అంటారట. అంతకు మించి అందులో ఏమీ లేదట!

ఎంత తేలిగ్గా అనేస్తారో చూడండి. ఒక తీగ కాయనీ, ఒక చేలో పండే గింజనీ కలిపి ఒకే మూట కట్టేసి, పైగా ఆ రెండో మాట పలికిన ఆడవాళ్ళకి పలకడం రాదని ముద్ర కూడా కొట్టేశారు.

“కూరగాయ పేరు మీద కూడా తగువేనా తల్లీ?” అని నవ్వుకునేవాళ్ళుంటారు. నవ్వనివ్వండి. కలమూ కాలమూ ఒకటే అంటే పండితులు ఊరుకుంటారా? వడ పెట్టమంటే వాడ చూపిస్తే మీరు ఊరుకుంటారా? పద్యంలో ఒక్క లఘువు గురువైతే గణం చెడిందని గోల పెట్టే పెద్దమనుషులే, వంటింట్లో మాట చెడితే మాత్రం “ఏదైతేనేం లెద్దూ” అంటారు. ఏదైతేనేం అనడానికి వాళ్ళేమైనా తరగాలా, ఒలవాలా? తరిగేదీ మనమే, ఒలిచేదీ మనమే. కనుక ఈ తగువు తీర్చవలసిందీ మనమే.

ముందు ఆనపకాయ సంగతి. శ్రీకాకుళం, విశాఖపట్నం మొదలు గోదావరి జిల్లాల దాకా ఇళ్ళల్లో నిత్యం వినపడే మాట ఇది. ఆ కాయనే ఇంకా కిందికి వస్తే సొరకాయ అంటారు. తెలంగాణాలో కొందరు సొరకాయ అంటారు, కొందరు ఆనిగెపుకాయ అంటారు. పందిరి మీదకో, పాక కప్పు మీదకో ఎగబాకే తీగ. పొద్దువాలే వేళకి తెల్లగా పూస్తుంది. కాయ లేతదో ముదురుదో తెలియాలంటే గోరు గుచ్చి చూడాలి. గోరు సులువుగా దిగితే కూరకి, దిగకపోతే ఇంకోదాన్ని వెతుక్కోవాలి. నూటికి తొంభై పాళ్ళకి పైగా నీరే కాబట్టి పథ్యం తినేవాళ్ళకి కూడా పెడతారు. పాలు పోసి కూర చేసుకోవచ్చు, ఆవ పెట్టుకోవచ్చు, పెసరపప్పులో వేసుకోవచ్చు. ముక్కల పులుసులోనూ దప్పళంలోనూ ఆనపకాయ ముక్క లేకపోతే పెళ్ళిలో పెళ్ళికూతురు లేనట్టే. చెక్కు కూడా పారేయకుండా పచ్చడి చేసే ఇళ్ళున్నాయి. తెలంగాణా ఇళ్ళల్లో దాన్నే తురిమి, బియ్యప్పిండిలో కలిపి, గిన్నెకి తట్టి సర్వపిండి చేస్తారు.

కాయ ముదిరి ఎండిపోయినా దాని పని అయిపోదు. తంబురాకి బుర్ర అదే, వీణకి పై బుర్రా అదే. ఏటి ఒడ్డు ఊళ్ళల్లో ఈత నేర్చుకునే పిల్లల నడుముకి కట్టే బుర్రా అదే. ఇంత గొప్పతనం ఉండబట్టే కాబోలు, లేని గొప్పలు చెప్పుకునేవాళ్ళని “సొరకాయలు కోస్తున్నాడు” అంటాం. చిత్రమేమిటంటే, కాయని ఆనపకాయ అని పిలిచే జిల్లాల వాళ్ళు కూడా గొప్పలు కోసేటప్పుడు మాత్రం సొరకాయలే కోస్తారు!

ఇక అనపకాయ. ఇది ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనూ, రాయలసీమలో మరికొన్ని చోట్లా వినపడే మాట. తీగా లేదు, పందిరీ లేదు. చిక్కుడు జాతి మొక్క. వేరుశెనగ చేలో సాళ్ళ మధ్యా, రాగి చేలోనూ కందులూ అలసందలతో పాటు దీన్నీ చల్లుతారు. మంచు పడే రోజుల్లో కాపుకొస్తుంది. సంక్రాంతికి ముందూ వెనకా మదనపల్లె, పుంగనూరు, పలమనేరు వైపు ఏ వీధరుగు చూసినా చేటలో అనపకాయలు, చుట్టూ ఒలిచే ఆడవాళ్ళు, మధ్యలో ఊరి కబుర్లు. కాయకి ఒక ప్రత్యేకమైన వాసన. ఒలిచాక చేతులకి పట్టుకుని ఒక పట్టాన వదలదు.

కూరకి కావలసింది పైతోలు కాదు, లోపలి గింజ. ఒలిచిన గింజల్ని నీళ్ళలో నానబోస్తారు. నానిన గింజని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పితికితే తోలు చేతిలో ఉండిపోయి, పప్పు గిన్నెలోకి జారుతుంది. అలా పితికి తీసింది గనుక అది పితికిపప్పు. దాంతో పులుసు పెట్టి, వేడి వేడి రాగి సంగటిలోకి వేసుకుంటే ఇంక ఆ పూట వేరే కూర అడిగే మనిషి ఉండదు. దోసెల్లోకీ అదే. ఎండిన గింజలకి అనుములని మరో పేరుంది. ఎండువైతే ముందు రోజు రాత్రే నానబోయాలి.

సరిహద్దు దాటి కన్నడసీమలోకి వెళితే ఈ అనపకాయే అవరెకాయి. అక్కడా ఇదే పని చేస్తారు, ఆ పప్పుని హితికిద బేళె అంటారు. మన పాలు వాళ్ళకి హాలు, మన పులి వాళ్ళకి హులి, మన పువ్వు వాళ్ళకి హూవు. అలాగే మనం పితికితే వాళ్ళు హితుకుతారు. రెండు భాషల ఆడవాళ్ళు ఒకే పనికి ఒకే మాట చెప్పుకున్నారన్నమాట. ఇంత చరిత్ర ఉన్న మాటని పట్టుకుని “ఆనపకాయని సరిగ్గా పలకలేక అలా అన్నారు” అనడం ఎంత అన్యాయమో మీరే చెప్పండి.

ఇప్పుడు అవతలి పక్షం వాదనలు ఒక్కొక్కటే చూద్దాం. 

మొదటి వాదన: “మా ఊళ్ళో సొరకాయనే అనపకాయ అంటాం, దీర్ఘం లేకుండానే.” నిజమే, అలా పలికే ఊళ్ళున్నాయి. అది ఆ ఊరి మాట, దాన్ని తప్పనే హక్కు నాకూ లేదు, మీకూ లేదు. కాని ఆ ఊరివాళ్ళు పుంగనూరు వాళ్ళ గిన్నెలోకి తొంగిచూసి “ఇది అనపకాయ కాదే” అనకూడదు కదా! ఒకే క్లాసులో ఇద్దరు లక్ష్మిలున్నంత మాత్రాన ఇద్దరూ ఒక పిల్లే అయిపోరు. ఏ లక్ష్మి అని ఇంటిపేరు అడుగుతాం. మాటకి దాని ఊరే ఇంటిపేరు. అనపకాయ అని వినపడగానే “ఏ వైపు అనపకాయ?” అని అడిగితే తగువే ఉండదు. అడగడానికి నామోషీ పడి, తనకి తెలిసిన అర్థమే అందరిదీ అనుకోబట్టే ఈ చిక్కంతా.

రెండో వాదన అచ్చుతప్పులు దిద్దేవారిది. వీరి సంగతి మరీ చోద్యం. చిత్తూరు వైపు ఇల్లాలు ఒకావిడ “గ్లాసుడు అనపగింజలు రాత్రి నానబోసి, పొద్దున్నే పితికి” అని వంట రాసి పంపిందనుకోండి. దిద్దేవారి కంటికి అదొక తప్పులా తోస్తుంది. అయ్యో పాపం, చదువు లేని మనిషి కాబోలని జాలిపడి ఓ దీర్ఘం దానం చేస్తారు. అనపగింజలు కాస్తా ఆనపగింజలవుతాయి. అది చదివి కాకినాడ ఇల్లాలు ఏం చెయ్యాలి? ఆనపకాయలు అరడజను కోసి, లోపలి విత్తులు ఏరి, గ్లాసుకి సరిపోక పక్కింటావిడనడిగి తెచ్చి, రాత్రంతా నానబోసి, పొద్దున్నే కూర్చుని ఒక్కొక్క విత్తే పితుక్కోవాలా? పితికితే ఏం వస్తుంది, వేలు నొప్పి తప్ప! ఆ తరవాత ఆవిడ రాసిన ఆవిణ్ణి తిట్టుకుంటుంది. దిద్దినవారు మాత్రం హాయిగా మరో వ్యాసంలో మరో దీర్ఘం దిద్దుకుంటూ ఉంటారు. అవసరం లేని చోట పెట్టిన దీర్ఘం కంటే అసలు తప్పే నయం. తప్పయితే చదివేవాళ్ళకి అనుమానమైనా వస్తుంది. దిద్దిన తప్పు దొరబాబులా కూర్చుంటుంది, ఎవరూ అనుమానించరు.

మూడో వాదన అన్నిటికంటే తియ్యనైనది, అందుకే ప్రమాదమైనది. “ఈ పల్లెటూరి మాటల గొడవెందుకండీ? అందరికీ తెలిసేలా ఒకదాన్ని సొరకాయ అనీ, రెండోదాన్ని చిక్కుడుగింజలు అనీ రాసేస్తే పోలా?” అంటారు. 

సొరకాయ మంచి మాటే. తమిళంలో సురైక్కాయ్, కన్నడంలో సోరెకాయి ఉండనే ఉన్నాయి, దానికి బంధుబలగం ఎక్కువ. దాన్ని వద్దనడం లేదు. కాని సొరకాయ బతకాలంటే ఆనపకాయ చావాలా? అక్కకి పట్టుచీర కొన్నామని చెల్లెలి పేరు రేషను కార్డులోంచి కొట్టేస్తామా?

చిక్కుడు మాటతో ఇంకో చిక్కుంది. చిక్కుడుకాయ మనింటి పెరట్లో పాదుకి కాసేది. లేతగా ఉన్నప్పుడు ఈనెలు తీసి, కాయంతా తుంచి కూరొండుతాం. అనపకాయ చేలోది. కాయ ఒలిచి గింజ వండుతాం. వృక్షశాస్త్రం చదివినవాళ్ళు రెండూ ఒకే జాతి మొక్కలో రకాలంటారు. వాళ్ళ లెక్క వాళ్ళకి సరే. కాని చిక్కుడుగింజలు తెమ్మని సంచీ ఇచ్చి పంపితే మగవారు ముదిరిపోయిన పెరటి చిక్కుళ్ళు పట్టుకొచ్చి ఎదుట పోస్తారు. వాటితో పితికిపప్పు చెయ్యమనండి చూద్దాం! శాస్త్రం ఒకటిగా చూసినదాన్ని కూడా వంట రెండుగా చూడగలిగింది. ఆ చూపే ఆ మాటలో ఉంది. మాట తీసేస్తే చూపూ పోతుంది.

“పోతే పోయింది, రుచి ఉంటుంది కదా” అనేవాళ్ళకి ఇంకో సంగతి చెప్పాలి. ఇది నవ్వులాట సంగతి కాదు. 

ఆనపకాయల్లో ఎప్పుడైనా ఒకటి చేదుగా పుడుతుంది. ఆ చేదు మామూలు చేదు కాదు, విషం. ఆరోగ్యానికి మంచిదని పచ్చి రసం తీసుకుని, చేదుగా ఉన్నా మందు కదా అని గటగటా తాగి ఆస్పత్రి పాలైనవాళ్ళున్నారు, ప్రాణాలే పోయినవాళ్ళూ ఉన్నారు. వండితే పోతుందిలే అనుకోవడానికీ వీల్లేదు. అందుకే మన అమ్మమ్మలు ఆనపకాయ తరగగానే చిన్న ముక్క నాలికకి ఆనించి చూసేవారు. చేదనిపిస్తే ఉమ్మేసి, కాయ మొత్తం అవతల పారేసేవారు. అనుముల దగ్గర జాగ్రత్త దీనికి పూర్తిగా ఎదురు. ముదిరి ఎండిన అనపగింజని పచ్చిగా నోట్లో వేసుకోకూడదు. నానబోసి, ఆ నీళ్ళు పారబోసి, మెత్తగా ఉడికించే తినాలి. ఆ ఎండుగింజలో ఉడికిస్తేనే గాని విరగని చెడుగు ఉంది.

చూశారా? ఒకటి పచ్చిగా రుచి చూశాకే వండవలసింది, ఇంకొకటి వండాకే రుచి చూడవలసింది. పెద్దవాళ్ళు ఈ జాగ్రత్తల్ని ఏ పుస్తకంలోనూ రాసిపెట్టలేదు, మాటకి కట్టి మనకిచ్చారు. “ఆనపకాయ, నాలికకి రాసి చూడు”, “అనుములు, నీళ్ళు వంపి ఉడికించు” అని. రెండు మాటలూ ఒకటేనని కలిపేస్తే ఏ జాగ్రత్త దేనికో ఎవరు చెప్పాలి? జ్వరం పడి లేచినవాళ్ళకి ఆనపకాయ పెట్టమని ఎవరో చెబితే, అనపగింజల పులుసు పెట్టి కూర్చోబెడితే ఆ పొట్ట ఏమైపోవాలి?

ఇంకా పెద్ద నష్టం ఒకటుంది. అది పొట్టకి కాదు, మనసుకి.

మదనపల్లె పిల్ల రాజమండ్రి కోడలై వెళ్ళిందనుకుందాం. చలికాలం వచ్చింది, ప్రాణం పుట్టింటి వంట మీదికి పోయింది. “అత్తయ్యగారూ, ఇక్కడ అనపకాయలు దొరుకుతాయా?” అని అడిగింది. దొడ్లో పాదుకి నాలుగు కాయలు వేలాడుతూ ఉంటే దొరుకుతాయా అని అడుగుతుందేమిటీ పిల్ల, పైగా దీర్ఘం కూడా సరిగ్గా పలకదు అని ఇంటిల్లిపాదీ ఒకటే నవ్వు. ఆడపడుచులకి అదొక ఆట. వచ్చినవాళ్ళందరి ముందూ “వదినా, ఆ కూర పేరేమిటో ఒకసారి అను” అనడం, నవ్వడం. ఎవరికీ దురుద్దేశం లేదు. కాని ఆ పిల్ల ఏం నేర్చుకుంటుంది? ఆ మాట ఈ ఇంట్లో అనకూడదని నేర్చుకుంటుంది. మాట అనడం మానేస్తే వస్తువు అడగడం మానేస్తుంది. అడగడం మానేస్తే వండడం మానేస్తుంది. దాని కూతురికి పితికిపప్పు అంటే ఏమిటో తెలియదు. పోనీ చెబుదామన్నా, “అదేం మాటమ్మా!” అని ఆ కూతురే నవ్వుతుంది, నాన్నమ్మ ఇంట్లో నేర్చిన నవ్వు!

రాజమండ్రి వాళ్ళనే ఎందుకనాలి? రాజమండ్రి పిల్ల మదనపల్లె వెళ్ళినా కథ ఇంతే. ఎండాకాలంలో ఒంటికి చలవగా ఉంటుందని ఆనపకాయ అడిగితే, “ఇంకా మంచు పడందే అనపకాయలెక్కడివమ్మా, కాలాలు కూడా తెలియవా?” అని అక్కడివాళ్ళు బుగ్గలు నొక్కుకుంటారు. అక్కడ ఈ పిల్ల నోరు మూసుకుంటుంది. రెండు ఇళ్ళల్లోనూ తప్పు ఒకటే. కొత్తగా వచ్చిన పిల్ల నోట వినపడ్డ మాట, తెలియని మాట అనుకోకుండా తప్పు మాట అనుకోవడం. ఇంటికి కోడలు నగలతో పాటు మాటలు కూడా తెస్తుంది. నగలు తూకం వేయించి జాగ్రత్తగా బీరువాలో పెట్టేవాళ్ళు మాటల్ని గుమ్మం బయటే వదిలి రమ్మంటారు.

మన పండితులు మాండలికాలని అసలు పట్టించుకోలేదని అననండోయ్. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా వాడుక భాష కోసం పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాలు వేసింది. 1962లో వచ్చిన మొదటిది వ్యవసాయ పదాలది, 1971లో వచ్చిన రెండోది చేనేత పదాలది. నాగలినీ, కాడినీ, పగ్గాన్నీ ఏ జిల్లాలో ఏమంటారో ఊరూరా అడిగి రాసుకున్నారు. ఆ మాటల ఆధారంగానే తెలుగుదేశాన్ని తూర్పు, మధ్య, దక్షిణ, ఉత్తర మండలాలుగా నాలుగు భాగాలు చేసి చూపారు. మహత్తరమైన పని. చేతులెత్తి దణ్ణం పెడతాను.

దణ్ణం పెట్టాక ఒక చిన్న మాట. ముందు నాగలికి వచ్చింది వంతు, తరవాత మగ్గానికి వచ్చింది. గరిటె అంత ముందు వరసలో నిలబడలేకపోయింది. పొలంలో రైతు అన్న మాట వృత్తి పదం అయింది. అదే పంటని ఇంటికి తెచ్చాక ఆవిడ అన్న మాట మాత్రం ఆడవాళ్ళ వాగుడు! చేలో నిలబడి ఉన్నంతసేపూ అనప అనేది భాష, చేటలోకి రాగానే అది యాస. ఇదెక్కడి న్యాయం?

ఆడవాళ్ళు తల్చుకుంటే ఏమవుతుందో పాకాల యశోదారెడ్డిగారు చూపించారు. సంస్కృతం కూడా చదివిన విదుషీమణి ఆవిడ. అయినా 1973లో “మా ఊరి ముచ్చట్లు” వేసినప్పుడు పాలమూరు పల్లె ఆడవాళ్ళ నోటిమాటనే కథలకి పెట్టుకున్నారు. ఎవరో దిద్దిపెడతారని చూడలేదు, ఎవరో నవ్వుతారని జంకలేదు. చదువుకున్నవాళ్ళందరూ ఆ భాషని చదవడం నేర్చుకోవలసి వచ్చింది.

మరి మన భాషా దినోత్సవాల్లో ఏం జరుగుతోంది? పొద్దున్న వేదికెక్కి “మాండలికాలు తెలుగుతల్లి మెడలో హారాలు” అంటారు. సాయంత్రం ఇంటికి వచ్చి భోజనాల దగ్గర “మీ వైపు భాష ఏమిటే, వినలేకపోతున్నాం” అని భార్యని ఎద్దేవా చేస్తారు. తెలుగుతల్లి మెడలో హారమైన మాట ఇల్లాలి నోట్లో ఎందుకు ముల్లవుతుంది?

అన్నట్టు, ఈ రెండు పేర్లూ పోగొట్టుకుంటే ఏమవుతుందో చూడాలనుకుంటే అమెరికాలో ఉన్న మన పిల్లల్ని అడగండి. అక్కడ దుకాణాల్లో ఆనపకాయ ఓపో అనే పేరుతో కూర్చుని ఉంటుంది. అది ఫిలిప్పీన్సు వాళ్ళ మాట. ఇక మన అనపగింజలు ఐసు పెట్టెలో గుజరాతీ పేరు పెట్టుకుని, లిల్వా అనే పొట్లంలో ముడుచుకుని ఉంటాయి. ఆ పొట్లం ముందు నుంచే మన పిల్ల వారం వారం నడిచి వెళుతూ “ఇక్కడ అనపకాయలు దొరకవమ్మా” అని ఫోనులో నిట్టూరుస్తుంది. దగ్గరలోనే ఉంది, పేరు తెలియదు అంతే! ఫిలిప్పీన్సు అమ్మలూ గుజరాతీ బెన్‌లూ తమ వంటింటి మాటని సముద్రాలు దాటించి అట్టపెట్టెల మీదికి ఎక్కించారు. మనం మన మాటని రాయలసీమ నుంచి గోదావరి దాకా కూడా నవ్వకుండా తీసుకువెళ్ళలేకపోతున్నాం.

కాబట్టి నేను కోరేది పెద్ద పెద్ద ఉద్యమాలేం కాదు. మీరు పత్రికకి వంట రాసినా, కూతురికి ఉత్తరంలో రాసినా, ఫోనులో టైపు చేసి పంపినా, మీ ఇంటి మాటే రాయండి. దాని పక్కన మీ ఊరు పేరు వేసి, అదేమిటో ఒక్క ముక్కలో చెప్పండి: “ఆనపకాయ, మా గోదావరి వైపు, సొరకాయ అన్నమాట.” “అనపకాయ, మా చిత్తూరు వైపు. గింజలు ఒలిచి వండుతాం.” పావు వాక్యం. దానికి కాగితం ఖర్చెంత?

దిద్దే పెద్దలకి మనవి. తెలియని మాట కనబడితే కలం పక్కన పెట్టి, రాసినావిణ్ణి అడగండి. మీ నిఘంటువులో లేనంత మాత్రాన మాట లేకుండా పోదు, మీ నిఘంటువులో చోటు లేకుండా పోయిందంతే.

అత్తగార్లకి ఇంకో మనవి. కోడలు పిల్ల తెలియని పేరేదైనా అంటే నవ్వకుండా “మీ వైపు దాన్ని ఏం చేసుకుంటారమ్మా?” అని అడిగి చూడండి. ఆ పూట మీకో కొత్త కూర దొరుకుతుంది, ఆ పిల్లకి ఒక కొత్త పుట్టిల్లు దొరుకుతుంది. లాభం ఎవరికెక్కువో తేల్చడం కష్టం.

ఇంత చెప్పినా వినకుండా “అబ్బే, రెండూ ఒకటేనండీ” అని మీసం తిప్పే మహానుభావుడు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే వాదన పెట్టుకోకండి. ఈ సంక్రాంతికి ఆయన చేతికి మంచి ముదురు ఆనపకాయ ఒకటిచ్చి, గిన్నె ముందు పెట్టి, పితికి పప్పు తీసి చూపించమనండి. ఆయన తీసిన పప్పుతో పులుసు పెట్టిన రోజున, రెండూ ఒకటేనని నేనూ ఒప్పుకుంటాను.